వాది మోకాళ్ళ నిమిత్తం

జూన్ 12

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డెబ్బై ఒకటో ఏట డైరీ మొదలుపెట్టడమంటే ఇంటర్వెల్ తరవాత టికెట్ కొని హాల్లోకి వెళ్ళడం లాంటిది. పైగా ఈ పుస్తకం కొన్నది కూడా కాదు. జనవరిలో స్టేషనరీ షాపువాడు ఊరికే ఇచ్చాడు. మొదటి పేజీల్లో మా ఆవిడ తన మాత్రల పేర్లు రాసుకుంది. మిగతాదంతా ఖాళీ.

ఖాళీ కాగితం చూస్తే వేళ్ళు ఊరుకోని వృత్తి నాది. కోర్టు గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళు జనం దావాలు కొట్టాను. చదివింది ఎనిమిదో తరగతి. న్యాయశాస్త్రం మాత్రం ఎదుటివాళ్ళ ఏడుపుల మధ్య కార్బన్ పేపరు పెట్టి నేర్చుకున్నాను. పోనుపోను లాయర్లే "ముందు ఆ టైపు తాత దగ్గర ఓ గంట కూర్చోండి, అప్పటికీ కోపం చల్లారకపోతే మా దగ్గరికి రండి" అని పార్టీలను పంపడం మొదలుపెట్టారు. అలా రాజీ కేంద్రంలో నాకో కుర్చీ దొరికింది. ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. నాలుగు వందల పన్నెండు రాజీలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చతో మొదలుపెట్టాను.

ఇప్పుడు అదే గదిలోకి పార్టీగా వెళ్ళాలి. వాదిని నేను. ప్రతివాది మా వియ్యంకుడు. మొన్న జడ్జిగారు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, అరవై రోజుల గడువిచ్చి, కేసును రాజీకి పంపారు. ఆగస్టు తొమ్మిది దాకా. అప్పటికీ తేలకపోతే కేసు తిరిగి కోర్టుకి వస్తుంది, ఆయనే తేలుస్తారు.

గదిలో మాట గది దాటకూడదని ఆ గోడ మీద ఎర్రరంగుతో రాయించింది నేనే. పెదవి దాటితే పృథివి దాటుతుందని నమ్మేవాణ్ణి, ఇప్పటికీ నమ్ముతాను. కాబట్టి ఆవిడతో చెప్పకూడదు, మా అమ్మాయితో చెప్పకూడదు. డైరీలో రాయడం దాటడం కిందికి రాదని నాకు నేనే రూలింగ్ ఇచ్చుకున్నాను. దాని మీద అప్పీలు లేదు.

వాస్తవాలు. మా ఇంటికీ వియ్యంకుడి ఇంటికీ మధ్య ఉమ్మడి సందు, వెడల్పు మూడున్నర అడుగులు. చివర వీధిలోకి దిగడానికి ఐదు మెట్లు. నేను రోజూ సందులో సైకిల్ పక్కన నడిచి, మెట్ల దగ్గర దాన్ని భుజానికెత్తుకుని దిగుతాను. ఈ వయసులో. వీధిలో వాళ్ళు చూస్తారు. కిందటేడు వానల్లో మా బావగారు తన పెరటి గుమ్మం నుంచి మెట్ల కింది దాకా గోడకి నడుమెత్తున ఇనప పైపు బిగించాడు. గోడ నుంచి నాలుగంగుళాలు ముందుకి. ఇప్పుడు సందులో మనిషీ సైకిలూ పక్కపక్కన పట్టరు. "ఎందుకండీ బావగారూ ఇది?" అని మర్యాదగానే అడిగాను.

"నా ఇష్టం," అన్నాడు.

దావాకి కారణం ఆ రెండు మాటలే. పైపు తరవాత సంగతి.

జూన్ 13

సైకిల్ హ్యాండిల్ పైపుకి గీసుకుంది. గీత పొడవు రెండంగుళాలు. సాక్ష్యం.

జూన్ 20

మొదటి బైఠక్.

గది అలాగే ఉంది. తలవైపు, కాళ్ళవైపు అన్న పేచీ ఉండకూడదని గుండ్రబల్ల వేయించింది నేనే. దాని ఒక కాలు పొట్టి. కింద నేను మడిచి పెట్టిన కాగితమే ఇంకా ఉంది. నేను లేకపోయినా నా కాగితం పని చేస్తూనే ఉందన్నమాట. మధ్యలో టిష్యూ పెట్టె. అదీ నా ఏర్పాటే. పార్టీ ఏడిస్తే సగం కేసు తేలినట్టు.

మధ్యవర్తిగా వచ్చిన అమ్మాయి పదేళ్ళ కిందట నా దగ్గరే పని నేర్చుకుంది. అది పక్షపాతం అవుతుందేమో, అభ్యంతరం ఉంటే చెప్పమని బావగారిని అడిగింది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా," అన్నాడాయన. "ఆయన ఎత్తులన్నీ నీకు తెలిసే ఉంటాయి. నాకే మంచిది."

ఆ అమ్మాయి ప్రారంభ ఉపన్యాసం అక్షరం పొల్లుపోకుండా నాది. 'ఇక్కడ గెలుపు లేదు, ఓటమి లేదు' అన్నచోట చిన్న దగ్గు కూడా. అప్పట్లో నాకు జలుబు. పాపం, అది పద్ధతి అనుకున్నట్టుంది.

అసలు అవమానం అంతకు ముందే జరిగింది. ఆయన్ని వాళ్ళబ్బాయి, అంటే మా అల్లుడు, స్కూటరు మీద దింపి గుమ్మం దాకా తెచ్చి ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎంతైనా బావగారు కదా అని నేను కుర్చీలోంచి లేచి, పక్కనుంచి నమస్కారం పెట్టాను. ఆయనకి నా నమస్కారం ఆనలేదు. తిన్నగా వెళ్ళి మా లాయరు ఫైళ్ళ మీద కూర్చున్నాడు.

"సందుతో ఆగకుండా ఫైళ్ళ మీద కూడా ఆక్రమణేనా?" అన్నాను.

మా లాయరు గట్టిగా నవ్వాడు. నా మాటకి కాదు, నేను పార్టీని కాబట్టి. ఈ కుర్రలాయరు నోరు తెరిస్తే 'ఇందులో ఓ పాయింటుందండీ' అంటాడు. అందుకని పాయింటు అనే పిలుచుకుంటాను, లోపల. బావగారు నవ్వలేదు. లేచి, ఫైళ్ళు తడిమి, అవతలి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. అంత గర్వం పనికిరాదు మనిషికి.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన ఫ్రేములే. నాదీ ఆయన చేసిందే. ఒక కాడ ఊడితే దారం చుట్టుకున్నాను. అద్దాల నిండా గీతలు. మార్పించుకోవాలంటే ఆయన షాపుకి వెళ్ళాలి. చచ్చినా వెళ్ళను. వేరే షాపుకి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. కారణం రాయడానికి ఇప్పుడు టైము లేదు.

జూన్ 21

ఆవిడ అడిగింది, "ఏమన్నారు అన్నయ్యగారు?"

"గదిలో మాట," అన్నాను.

"మీ గది తగలెయ్య. కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. మీకు రెండింటికీ ఒకరే దొరికారు, బేరం కలిసొచ్చింది."

పెళ్ళయ్యాక ఈవిడ ఏ బడిలోనూ చదవలేదు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటుందో.

ఎందుకో పొద్దున్నుంచీ నిచ్చెన అన్నదమ్ములు గుర్తొస్తున్నారు. వాళ్ళు నా దగ్గరికి రాలేదు. ఆర్బిట్రేషనుకి వెళ్ళారు. రాజీలో మధ్యవర్తి మన చేత ఒప్పిస్తాడు. ఆర్బిట్రేటరు అలాక్కాదు, మనమే ఏరికోరి తెచ్చుకునే జడ్జి, ఆయన చెప్పిందే చెల్లుతుంది. ఆయన అన్నిటినీ సమంగా పంచాడు. ఆఖర్న పన్నెండు మెట్ల నిచ్చెన మిగిలింది. కోసి చెరో ఆరు మెట్లూ ఇచ్చాడు. తరవాత వానాకాలంలో ఇద్దరి పైకప్పులూ కారాయి. చెరో సగం నిచ్చెనా వేసుకుని పైకెక్కి, కప్పు అందక, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చూసుకుని దిగిపోయారు. పెద్దవాడు తన సగం మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరేస్తాడు. ఈ కథ పార్టీలకి చెబితే అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, మా నిచ్చెన మాత్రం మాకే కావాలి అనేవాళ్ళు.

జూలై 2

రెండో బైఠక్. నా ఆయుధంతో నన్నే పొడిచింది ఆ అమ్మాయి.

నేను పెట్టిన పద్ధతొకటుంది. ఎవరి వాదన వాళ్ళు చెప్పకూడదు. ఎదుటివాడి వాదన చెప్పాలి, అదీ వాడు 'అవును, అదే నా మాట' అని తల ఊపేదాకా. మనుషులు తమ బాధ గంటసేపు చెబుతారు, ఎదుటివాడి బాధ ఒక్క వాక్యం చెప్పలేరు. అక్కడే గుట్టు ఉందని కనిపెట్టి నేను మురిసిపోయేవాణ్ణి.

"గురువుగారూ, బావగారి వాదన మీరు చెప్పండి. పైపు ఎందుకు వేశారు?"

"చెప్పడానికేముందమ్మా. సందు మీద కన్ను. ఈ ఏడు నాలుగంగుళాలు, పై ఏడు నాలుగడుగులు."

"కాదు," అన్నాడు బావగారు.

"మొక్కలు పాకించడానికి. కోర్టుకిచ్చిన జవాబులో అలాగే రాశారు."

"కాదు."

పాయింటు లేచి నిలబడ్డాడు. "జవాబులో రాసింది నిజం కాదని ఆయనే ఒప్పుకుంటున్నారు. ఇందులో ఓ పాయింటుందండీ."

ఆ అమ్మాయి గోడ మీద ఎర్రరాత చూపించింది. పాయింటు కూర్చున్నాడు.

"అయితే నన్ను ఏడిపించడానికి," అన్నాను.

"అది కొంత," అన్నాడు బావగారు.

తరవాత ఆయన వంతు. నా వాదన ఆయన ఒక్క ఊపులో చెప్పాడు. "ఈయనకి సైకిల్ గొడవ లేదమ్మా. నేను కారణం చెప్పలేదని కోపం. చెప్పి ఉంటే ఆ రోజే పైపు పట్టుకుని మేస్త్రీతో పాటు మేకులు కొట్టేవాడు."

తల ఊపాను. మెడ పట్టేసింది, సరిచేసుకుంటున్నాను అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

"మరి చెప్పొచ్చుగా కారణం?" అన్నాను.

"చెప్పను."

అంటూనే పక్కనున్న టీ కప్పు కోసం చెయ్యి చాచి, దాన్ని నెట్టేశాడు. బల్ల మీద పరిచిన సందు ప్లాను తడిసిపోయింది. సరిగ్గా నా వైపు. సరిహద్దు గీత చెరపడానికి ఎన్నో ఎత్తులు చూశాను గానీ టీ పొయ్యడం ఇదే మొదలు. క్షమాపణ కూడా నా మొహం చూసి చెప్పలేదు, పాయింటు మొహం చూసి చెప్పాడు.

జూలై 3

చొక్కా మీద టీ మరక పోలేదు. ఆవిడ ఉతుకుతూ ఏదో అంటోంది. వినపడనంత దూరంలో కూర్చున్నాను.

జూలై 9

పొద్దున్నుంచీ వాన. వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే సందంతా కనిపిస్తుంది. సాక్ష్యం కోసం కూర్చున్నాను.

పదింటికి బావగారు షాపుకి బయల్దేరాడు. గుమ్మం దాటగానే చెయ్యి పైపు మీద వేశాడు. వీధి దాకా తియ్యలేదు. అరచెయ్యి దాని మీద జారుతూ వెళ్ళింది. మనిషి తల మాత్రం నిటారుగా, కిందికి చూడకుండా. రాజుగారు నడిచినట్టు. మెట్ల దగ్గర ఆగాడు. కుడికాలు గాలిలో అటూ ఇటూ కదిపి, మెట్టు తగిలాక దించాడు. మళ్ళీ ఆగాడు. ఐదు మెట్లకి ఐదుసార్లు.

"ఏం ఠీవి," అన్నాను.

ఆవిడ నా వెనక నిలబడి ఉంది. "ఠీవేమిటి మీ మొహం," అంది.

క్యారమ్స్ గుర్తొచ్చింది. పదిహేనేళ్ళు ప్రతి ఆదివారం ఆయన వరండాలో ఆడేవాళ్ళం. కిందటేడు ఎండాకాలంలో ఓ రోజు స్ట్రైకరు బోర్డు మూలకి దొర్లింది. ఆయన నన్ను పట్టుకుని, "ఎక్కడ దాచారు?" అన్నాడు. మోచేతి పక్కనే ఉంది. పరాచికాలనుకుని నవ్వాను. ఆయన బోర్డు ఎత్తి గోడకి ఆనించేశాడు. మళ్ళీ దించలేదు. పైపు వచ్చింది ఆ తరవాత రెండు నెలలకి. ఈ రెండింటికీ సంబంధం లేదు.

జూలై 10

సంబంధం లేదని నిన్న ఎందుకు రాశానో తెలియదు. ఎవరూ అడగలేదు కదా.

జూలై 18

మూడో బైఠక్.

పావుగంటకే ఆ అమ్మాయి ఫోను చెవికి పెట్టుకుని, "ఒక్క నిమిషం, అర్జెంటు," అంటూ పాయింటుని కూడా వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. ఫోను మోగలేదు. నా దగ్గర ఫోను ఉండేది కాదు, కడుపునొప్పి అనేవాణ్ణి. పార్టీలిద్దరినీ పది నిమిషాలు ఒంటరిగా వదిలెయ్యాలి. కొట్టుకుంటారు, లేకపోతే మాట్లాడుకుంటారు.

మేము రెండూ చెయ్యలేదు. ఐదు నిమిషాలు ఫ్యాన్ చప్పుడు విన్నాం. నేను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాను. ఆ చప్పుడు ఎలా పోల్చాడో, చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. వృత్తిలో ఉన్నవాడు అడిగితే ఇవ్వకుండా ఉండలేం. ఆయన అద్దాల వైపు చూడలేదు. బొటనవేలితో నిమిరాడు, కుడి అద్దం, ఎడమ అద్దం. దారం చుట్టిన కాడ దగ్గర ఆగాడు.

"మూడేళ్ళయింది మార్చి. నిలువు గీతలన్నీ మీరు చొక్కాతో తుడిచినవి. ఈ అడ్డగీత సైకిల్ మీంచి పడ్డప్పటిది. పడ్డట్టు ఎవరికీ చెప్పలేదు కదూ?"

"లేదు," అన్నాను.

"నేనూ చెప్పలేదు."

ఆయన చెప్పనిది ఏ సంగతో అర్థం కానట్టు కూర్చున్నాను. నాలుగు వందల పన్నెండు రాజీలు చేసినవాణ్ణి. ఫైళ్ళ మీద కూర్చున్నది గర్వం కాదనీ, టీ ఎత్తు కాదనీ, స్ట్రైకరు పరాచికం కాదనీ నాకు ఎప్పుడో తెలుసు. తెలుసని ఒప్పుకుంటే దావా ఏమైపోతుంది?

"ఎంత కనిపిస్తోంది?" అని అడిగాను.

"గొట్టంలోంచి చూసినట్టు. ఎదురుగా ఉంటే మనిషి కనిపిస్తాడు. పక్కన లేదు, కింద లేదు. నరం ఎండిపోతోందట. పోయింది రాదు, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు డాక్టరు."

"అబ్బాయికి?"

"తెలియదు. తెలిస్తే షాపు తాళం వాడి జేబులోకి పోతుంది, నేను వరండాలో కుర్చీలోకి పోతాను. చూపు పరీక్షించడానికి షాపులో ఓ అమ్మాయిని పెట్టాను, లైసెన్సున్న పిల్ల. నేను ఫ్రేములు చూసుకుంటాను, వేళ్ళతో. కళ్ళజోళ్ళవాడికి కళ్ళు లేవంటే ఇంకెవడైనా గుమ్మం తొక్కుతాడా బావగారూ?"

"షాపు దాకా ఎలా వెళ్తున్నారు?"

"పైపు దాటాక నూట పద్నాలుగు అడుగులు, ఓ మలుపు. అది తేలిక. సందే కష్టం. నాచు, చీకటి, ఆ మెట్లు. పైపు లేకముందు రెండుసార్లు పడ్డాను."

నా కళ్ళజోడు తిరిగి ఇచ్చి, "గదిలో మాట," అన్నారు.

"గది దాటదు," అన్నాను.

ఆ అమ్మాయి తిరిగొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమైనా పురోగతి ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాం, ఇద్దరం ఒకేసారి.

జూలై 19

ఏమీ లేదు.

జూలై 24

పాయింటు ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మంచి వార్త సార్. రాజీ కాలేదని గడువు రోజున కాగితం ఇచ్చేద్దాం. ఉమ్మడి సందులో రెండోవారి ఒప్పుదల లేకుండా మేకు కొట్టకూడదు, అంతే. కోర్టు మనిషి టేపు పట్టుకుని వస్తాడు, నాలుగంగుళాలు కొలుస్తాడు, వారంలో పైపు కోసేస్తారు. ఖాయంగా గెలిచాం సార్."

"ఖాయమా?"

"నూటికి నూరు."

"ఓడే మార్గం ఏమైనా ఉందా?"

మొహం చూశాడు. ముసలాళ్ళ పరాచికాలకి నవ్వాలని ఎవరో నేర్పినట్టున్నారు, నవ్వాడు.

దావా ఊరికే వాపసు తీసుకోవచ్చు. కానీ కాగితం మీద పైపుకి నా ఒప్పుదల ఉండదు. రేపు నేను పోతే నా తరవాతివాడెవడో కోయించెయ్యొచ్చు. ఒప్పుదల ఇస్తే అల్లుడు ఊరుకోడు. 'ఏడాది పాటు పోట్లాడి ఇప్పుడెందుకు ఒప్పుకున్నారు మామయ్యగారూ' అంటాడు. కారణం ఒకటి కావాలి. ఆయనది కాని కారణం.

జూలై 30

"నాలుగు రోజులుగా అన్నం కెలుకుతున్నారు," అంది ఆవిడ. "అన్నయ్యగారి సంగతేనా?"

"గదిలో మాట."

"నేనేం అడిగాను? అన్నం సంగతి అడిగాను."

ఈవిడకి తెలుసని నా అనుమానం. కిటికీ దగ్గర ఆ రోజే తెలుసు. బహుశా పైపు వేసినరోజే తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదంటే, నేను అడగలేదు. నేను దావా వెయ్యడంలో ఉన్నాను.

ఆగస్టు 5

ఆఖరి బైఠక్. ఈసారి సంతకాలకి సాక్షిగా అల్లుడు కూడా కూర్చున్నాడు, ఫోనుతో.

"దావా వదులుకుంటాను," అన్నాను. "ఒక షరతు. ఆ పైపు ఎప్పటికీ తియ్యకూడదు."

పాయింటు నోరు తెరిచాడు గానీ అందులోంచి పాయింటు రాలేదు.

"నాకు మోకాళ్ళు పోయాయి," అన్నాను. "సందులో ఏదైనా పట్టుకోనిదే నడవలేను. ఇన్నాళ్ళూ చెప్పుకోలేక సైకిల్ సాకు పెట్టాను."

బావగారు పాడుచెయ్యబోయారు. "మీ మోకాళ్ళకేమయింది? నిన్న పొద్దున కూడా సైకిలెత్తుకుని దిగారు. చప్పుడు విన్నాను."

"అదే ఆఖరిసారి."

"నా పైపు మీకెందుకివ్వాలి?"

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. గట్టిగానే. పొట్టి కాలు కింద నా కాగితం జారిపోయి బల్ల వొరిగింది. అందరూ తమ కప్పులు పట్టుకున్నారు. ఆయన కప్పు నేను పట్టుకున్నాను.

మధ్యవర్తి అమ్మాయి ఇద్దరినీ చూసింది. చాలాసేపు చూసింది. తరవాత నేను నేర్పిన గొంతుతోనే అంది, "గురువుగారూ, ఒక్క పని మిగిలిపోయింది. బావగారి వాదన మీరు ఇంకా చెప్పలేదు. పైపు ఎందుకు వేశారు?"

"ఎందుకంటే," అన్నాను, "ఏడాది కిందటే నా అడుగు తడబడటం ఆయన కనిపెట్టారు. వాన పడితే సందులో జారిపోతానని భయం. నాతో అంటే ఒప్పుకోను, నాకు పొగరు. ఇంట్లోవాళ్ళకి చెబితే నన్ను కుర్చీలో కూలేస్తారు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఓ పైపు బిగించి, ఎవరడిగినా 'నా ఇష్టం' అన్నారు. నడిచినన్నాళ్ళు నా కాళ్ళ మీద నేను నడవాలని."

అప్పుడు బావగారు తల ఊపారు. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు.

"అవును," అన్నారు. "అదే."

ఇరవై ఏళ్ళలో ఇంత కచ్చితంగా ఎదుటివాడి వాదన చెప్పిన పార్టీని నేను చూడలేదు. మనుషుల్ని అటూ ఇటూ మార్చాను, అంతే. నాలుగు వందల పన్నెండు రాజీల్లో అబద్ధం లేనివెన్నో ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకోకపోవడమే మంచిదైంది.

అల్లుడు ఫోను బల్ల మీద పెట్టేశాడు. "నాన్నా, మామయ్యగారి కోసం ఇంత చేసి, ఏడాదిగా మాటలు పడ్డావా?" పాయింటు టిష్యూ తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ పెట్టె ఓ లాయరుకి పనికిరావడం మొదటిసారి.

ఒప్పందం నేనే చెప్పాను, ఆ అమ్మాయి రాసింది. 'ప్రతివాది పైపును వాది మోకాళ్ళ నిమిత్తం శాశ్వతంగా ఉంచవలెను. వాది ఏటా దానికి రంగు వేయవలెను.' సంతకం చెయ్యాల్సిన చోటు బావగారికి ఎదురుగా, మొహానికి తిన్నగా ఎత్తి పట్టుకున్నాను. చక్కగా చేశారు.

గేటు దాకా ఆ అమ్మాయి నాతో వచ్చింది. "ఏ మోకాలు గురువుగారూ? కుడిదా, ఎడమదా?"

"ఇంకా తేల్చుకోలేదమ్మా."

ఇంకేమీ అడగలేదు. బాగా నేర్పాను.

ఆగస్టు 7

కుడిది. మా అమ్మాయి తైలం సీసా తెచ్చింది, ఏ మోకాలో అప్పటికప్పుడు చెప్పాల్సొచ్చింది. గాఢమైన వాసన. ఇల్లంతా ఆస్పత్రిలా ఉంది.

"ఇంత నొప్పి పెట్టుకుని సైకిలెందుకు నాన్నా? సిగ్గేముంది చెబితే?" అంది. అల్లుడు చేతికర్ర పట్టుకొచ్చాడు. నాలుగు కాళ్ళది. దాన్ని చూస్తే నాకు నిజంగానే మోకాళ్ళు వణికాయి.

ఆవిడ అన్నిటికీ అవునవునంది. తైలం రాస్తూ అనవసరంగా గట్టిగా నొక్కింది.

ఆగస్టు 10

సైకిల్ అల్లుడు తీసుకుపోయాడు, ఆఫీసులో వాచ్‌మన్‌కి ఇచ్చాడట. సైకిల్ కోసం వేసిన దావా ఇది. గెలిచాను, ఒక రకంగా. వీధిలో కుంటుకుంటూ నడవాలి. ఒక్కోసారి ఎడమకాలు కుంటుతున్నాను, ఆవిడ దగ్గి గుర్తుచేస్తోంది.

ఆగస్టు 16

షాపుకి వెళ్ళాను. పరీక్ష ఆ పిల్ల చేసింది. ఫ్రేము బావగారు ఎంచారు. నా ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని, అరల్లో తడిమి, మూడోది తీశారు. సరిగ్గా సరిపోయింది. పాత కళ్ళజోడు తిరిగి ఇస్తూ దారం విప్పేసి ఇచ్చారు.

"ఆదివారం క్యారమ్స్?" అన్నాను.

"మీరు స్ట్రైకరు దాస్తారు."

"దాస్తాను. మీరెలాగూ కనిపెట్టలేరు."

నవ్వారు. షాపులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. పదిహేను నెలలయింది ఆ నవ్వు విని. సంబంధం లేకపోయినా రాస్తున్నాను.

కొత్త అద్దాల్లోంచి చూస్తే పైపు ఎంత తుప్పు పట్టిందో తెలిసింది.

ఆగస్టు 24

ఆదివారం. షాపు సెలవు, ఆయన ఎటూ కదలరు. పైపుకి నేనే రంగు వేశాను. మంచి పసుపు, చీకట్లో కూడా మెరిసేది. అడిగితే, షాపువాడి దగ్గర అదే మిగిలింది అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. గుమ్మం నుంచి ఆఖరి మెట్టు దాకా వెయ్యడానికి మూడు గంటలు పట్టింది. వంగినప్పుడల్లా కుడిమోకాలు కలుక్కుమంది. కుడిదే.

అయ్యాక అట్టముక్క మీద 'తడి రంగు, ముట్టుకోవద్దు' అని పెద్ద అక్షరాలతో రాసి, బావగారి గుమ్మం పక్కన మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోడానికి లోపలికి వెళ్ళాను.

బయటికొచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఖాళీ క్యారమ్స్ పౌడరు డబ్బా, కొత్తది కొనడానికి బయల్దేరినట్టున్నారు. రెండో చెయ్యి మణికట్టు దాకా పసుపు.

"తడిగా ఉందని చెప్పొచ్చుగా," అన్నారు.

"బోర్డు పెట్టాను," అన్నాను.

వాళ్ళ మేడమీద మా అమ్మాయి బట్టలు ఆరేస్తోంది. మా వైపు చూసి, బోర్డు వైపు చూసి, చేతిలో ఉన్న చొక్కా అలాగే పట్టుకుని నిలబడింది.

కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆయన చెయ్యి తుడిచాను. అంతా పోయింది, బొటనవేలి గోరు దగ్గర తప్ప.